దిగులు ఒక్క రోజులో తగ్గుతుందా?
సందేహాలు - సమాధానాలు

మావారికి డిప్రెషన్ అని డాక్టరుగారు ఎస్సిటలోప్రామ్ రాశారు. పది రోజులైంది. ఆయన ఇంకా గోడకేసి చూస్తూనే కూర్చుంటున్నారు. ఒక్క రోజులో పనిచేసే ఇంజెక్షన్ ఉందట కదా, ఈ మాత్ర దండగేనా?
ఓ సోదరి, తెనాలి

కంగారు పడకండి. మాత్ర దండగ కాలేదు, దాని వేళ ఇంకా రాలేదంతే. ఈ రకం మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరిలో ఆరు వారాలు కూడా పడుతుంది. ముందు నిద్ర, ఆకలి కుదుటపడతాయి, ఆ మార్పు ఆయన కన్నా మీకే ముందు తెలియొచ్చు. ‘నేను లేకపోతేనే మీకు నయం’ లాంటి మాట ఆయన నోట వస్తే మాత్రం ఆ రోజే డాక్టరుకు చెప్పండి, ఆయన్ను ఒంటరిగా వదలకండి.

రెండు రకాల మందులు వాడినా మా చెల్లెలికి తగ్గలేదు. ఇప్పుడు కీటమిన్ ఎక్కిద్దామంటున్నారు. అది ఆపరేషన్‌కు ఇచ్చే మత్తుమందు కదా, పబ్బుల్లో దొరికేదీ అదేనట. చెల్లి దానికి అలవాటు పడిపోతుందేమోనని భయం.
ఓ అన్నయ్య, కరీంనగర్

మీరు విన్నది నిజమే, భయమూ సహజమే. 1962లో తయారై, 1970లో అమెరికాలో అనుమతి పొంది, అప్పటినుంచీ ఆపరేషన్ థియేటర్లలో వాడుతున్న పాత మందు ఇది. డిప్రెషన్‌కు సాధారణంగా ఒంటి బరువులో కిలోకు అర మిల్లీగ్రాము చొప్పున 40 నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కిస్తారు, మనిషి స్పృహలోనే ఉంటుంది. ఆ సేపు గాల్లో తేలుతున్నట్టు, తన ఒంట్లో తాను లేనట్టు అనిపించడం, బీపీ కాస్త పెరగడం మామూలే. ఒకటి రెండు గంటల్లో సర్దుకుంటాయి.

అలవాటు ప్రమాదం అసలు లేదని చెప్పను. మన దేశంలో దీన్ని షెడ్యూల్ ఎక్స్‌లో పెట్టింది, ఆస్పత్రిలో డాక్టరు కళ్లెదుటే ఎక్కించాలనేది అందుకే. చెల్లెలికి అదుపులో లేని బీపీ గానీ, గుండెజబ్బు గానీ ఉంటే, లేని మాటలు ఎప్పుడైనా వినిపించి ఉంటే ముందే చెప్పండి. ఇంటికొచ్చి ఇస్తామనేవాళ్లను గడప తొక్కనివ్వకండి.

వారాలు పట్టాల్సిన పని కీటమిన్‌తో గంటల్లో ఎలా అవుతుంది? అంత వేగంగా పనిచేస్తే మెదడు శాశ్వతంగా మారిపోదా?
పీజీ విద్యార్థి, వరంగల్

మెదడు మారడం దానంతటదే ప్రమాదం కాదు బాబూ. నిన్న చదివిన పాఠం ఇవాళ మీకు గుర్తుందంటే అదీ అలాంటి మార్పే. పాత మాత్రల్లో ఎక్కువ భాగం సెరటోనిన్ దారిలో పనిచేస్తాయి. కీటమిన్ గ్లూటమేట్ అనే వేరే రసాయనం దారి పట్టి, ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. యేల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ డ్యూమన్ బృందం 2010లో ఎలుకలకు ఒక్క మోతాదు ఇచ్చి చూస్తే, ముందు మెదడు కణాల కొమ్మల మీద కత్తిరించిన గోరింట చిగురేసినట్టు కొత్త మొనలు పుట్టుకొచ్చాయి. పక్క కణంతో సంబంధం కలిసేది ఆ మొనల దగ్గరే.

ఇది ఎలుకల సంగతి. మనిషి దగ్గరికొచ్చేసరికి వాదం ఇంకా తెగలేదు. స్టాన్‌ఫర్డ్‌లో డిప్రెషన్ ఉన్న 40 మందికి, వేరే ఆపరేషన్ కోసం మత్తులో ఉండగా, సగం మందికి కీటమిన్, సగం మందికి ఉత్త సెలైన్ ఇచ్చారు. 2023లో వచ్చిన ఫలితం ఏమిటంటే, రెండు గుంపులూ దాదాపు ఒకేలా తేరుకున్నాయి. మందు ఉత్తిదని దీన్నిబట్టి తేల్చేయలేం గానీ, తగ్గుతుందన్న ఆశ కూడా కొంత పని చేస్తుందని నాకనిపిస్తుంది. మీరు భయపడాల్సిన మార్పైతే ఇందులో లేదు. జాగ్రత్త పడాల్సింది మత్తు కోసం తరచూ వాడేవాళ్ల విషయంలో. వాళ్లలో జ్ఞాపకశక్తి, మూత్రాశయం దెబ్బతింటాయి.

మొదటి కీటమిన్ ఎక్కించిన మర్నాడు ఎన్నాళ్లకో కాఫీ రుచి తెలిసింది. ఐదో రోజుకు మళ్లీ మొదటికొచ్చింది. నా జబ్బు ఇక దేనికీ లొంగదా?
ఓ ఉద్యోగిని, విశాఖపట్నం

లొంగింది కదమ్మా, కాఫీ రుచి తెలిసింది అందుకే. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, కీటమిన్ తీసుకున్నవారిలో 71 శాతం మందికి ఒక్క రోజులోనే బాగా తగ్గింది. ఆ మేలు వారం దాకా నిలిచింది 35 శాతం మందికే. అందుకే ఒక్క డోసుతో ఆపరు, కొన్ని వారాలపాటు ఇస్తారు, పక్కన మాత్రలూ కౌన్సెలింగూ సాగిస్తారు. తేలికపడి మళ్లీ కుంగిన రోజు మాత్రం గట్టిగా కాచుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన తొంగిచూస్తే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

నాన్న అన్నం, నీళ్లు ముట్టడం లేదు. కరెంటు షాకే మంచిదంటున్నారు. సినిమాల్లో చూసింది గుర్తొచ్చి వణుకు పుడుతోంది.
ఓ కొడుకు, కర్నూలు

సినిమాను పక్కన పెట్టండి. ఈసీటీ అనే ఈ చికిత్సను మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. నాన్నగారికి నొప్పి తెలియదు. ఆ రోజుల సంగతులు కొన్ని మరిచిపోవడం మామూలే. తిండీ నీళ్లూ మానేసిన పెద్దవాళ్లలో త్వరగా పనిచేసేది ఇదే, ఆలస్యమే ఎక్కువ ప్రమాదం.

కాన్పు చేయడానికి అమెరికా వచ్చాను. ఆరు వారాలైనా మా అమ్మాయి ఏడుస్తూనే ఉంది. జురనలోన్ అని 14 రోజుల మందు రాశారు. బాలింతకు ఇవి వాడొచ్చా?
ఓ తల్లి, డాలస్

కాన్పయ్యాక రెండు వారాల్లోపు ఏడుపు చాలామందిలో వచ్చిపోతుంది. ఆరు వారాలైనా తగ్గలేదంటే డాక్టరుకు చూపించి మంచిపని చేశారు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో బాగా పెరిగి, కాన్పు కాగానే ఒక్కసారిగా పడిపోయే అల్లోప్రెగ్ననలోన్‌కు దగ్గరి మందు ఇది. 2023 ఆగస్టులో అక్కడ అనుమతించారు, ప్రయోగాల్లో మూడో రోజుకే తేడా కనిపించింది. కొద్దిగా పాలలోకి వెళ్తుంది కాబట్టి పాలివ్వడం గురించి డాక్టరునే అడగండి. అమ్మాయికి నిద్రే పట్టకపోయినా, వింత మాటలు మాట్లాడినా, బిడ్డకేదో చేస్తానన్నా వెంటనే 911కు ఫోన్ చేయండి.

పథ్యం విషయంలో మాత్రం మీరు కాస్త సడలాలి. ఈ మాత్ర ఒంటపట్టాలంటే సాయంత్రం కొవ్వున్న భోజనంతోనే వేసుకోవాలి, నెయ్యి ధారాళంగా వడ్డించండి. మగత ఎక్కువ కాబట్టి మందు వేసుకున్నాక 12 గంటలు కారు నడపకూడదు. ఆ రెండు వారాలు రాత్రిపూట బిడ్డ పని మీరే చూసుకోండి.