ఎర్రగడ్డను ఉల్లిపాయగా దిద్దేవారికి

ఎదుటివారి మాటను దిద్దడంలో రెండు పనులున్నాయి. ఆ మాట తప్పో కాదో తేల్చుకోవడం ఒకటి. తప్పే అయితే ఎప్పుడు, ఎవరి ముందు, ఏ గొంతుతో చెప్పాలో ఎంచుకోవడం రెండోది. కొత్తగా చదువు అబ్బినవారు మొదటిదాన్ని క్షణంలో ముగిస్తారు, రెండోదాన్ని తలచుకోనే తలచుకోరు. ఎక్కువ కాలం పట్టవలసింది మొదటిదానికే. బండ్రి లాంటి ఊళ్ళలో అయితే మరీనూ.

బండ్రి బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని ఊరు. ఇక్కడ బడి, కచేరీ, బస్సు బోర్డు అన్నీ కన్నడం. ఈ జిల్లాలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. సరిహద్దు మారింది గాని చుట్టరికాలు తెగలేదు. రాయదుర్గం పిల్ల ఇటు కోడలుగా వస్తుంది, ఇటు పిల్ల ఆలూరికి కాపురానికి పోతుంది. మాటలు కూడా వాళ్ళతోనే వచ్చిపోతుంటాయి.

అందుకే ఈ సీమలో తప్పుగా వినిపించే మాటల్లో చాలావాటికి సొంత ఇల్లు ఉంటుంది. కోస్తావారు ఉల్లిపాయ అనేది ఇక్కడ ఎర్రగడ్డ, తెలంగాణలో ఉల్లిగడ్డ. వెల్లుల్లి ఇక్కడ తెల్లగడ్డ. పుస్తకం బంగాళాదుంప అంటుంది, హైదరాబాదు ఆలుగడ్డ అంటుంది, రాయలసీమ వంటింట్లో అది ఉర్లగడ్డ. వేరుశనగ ఒకచోట శెనక్కాయ, ఒకచోట బుడ్డలు, ఇంకోచోట పల్లీలు. వీటిలో ఏదీ ఇంకొకదానికి చెడిపోయిన రూపం కాదు. ఎర్రగడ్డ అన్న అవ్వను ‘ఉల్లిపాయ అనాలి’ అని దిద్దే పిల్లవాడు భాషను బాగుచేయడం లేదు. ఒక జిల్లా పేరు తీసి ఇంకో జిల్లా పేరు పెడుతున్నాడు, అంతే.

పేరు ఒక్కటే ఉండి అర్థం వేరయ్యే మాటలతో చిక్కు ఇంకా ఎక్కువ. బళ్ళారిలో అంగడి అంటే రోజూ తెరిచి ఉండే దుకాణం, కన్నడంలోనూ అంతే. తెలంగాణలో అంగడి అంటే వారానికి ఒకసారి కూడే సంత. రాయలసీమ తెలుగు ఇంట్లో అవ్వ అంటే తల్లికో తండ్రికో అమ్మ. ఈ వైపు కన్నడ ఇళ్ళలో అవ్వ అంటే కన్నతల్లే, తెలంగాణ పల్లెల్లోనూ చాలాచోట్ల అంతే. ఒకే వీధిలో రెండిళ్ళ పిల్లలు ‘మా అవ్వ పిలుస్తోంది’ అంటే పిలిచేది ఇద్దరు వేర్వేరు మనుషులు. ఇక్కడ చేయవలసింది ‘ఏ అవ్వ?’ అని అడగడం, దిద్దడం కాదు.

అడగడానికి ఎంత విలువ ఉందో భాషాశాస్త్రం చూపింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. అది వ్యవసాయ పదాలది. చేనేత పదాలది ఆ తర్వాత 1971లో వచ్చింది. నాగలిలో ఏ భాగాన్ని ఏ ప్రాంతంలో ఏమంటారో రైతులను అడిగి రాసుకున్న పని అది. అడిగినవారు విద్వాంసులు, చెప్పినవారిలో చదువురానివారూ ఉన్నారు. ఆ వరసను తలకిందులు చేసి రైతుకు నాగలి పేర్లు నేర్పబోయి ఉంటే ఆ పుస్తకం పుట్టేదే కాదు.

కచేరీ మాటలకు న్యాయం వేరు. పొలం, పంట వివరాలుండే కాగితాన్ని కర్ణాటకలో పహణి అంటారు, ఆంధ్రలో అడంగల్ అంటారు. రాయదుర్గం నుంచి వచ్చిన బంధువు బండ్రి రైతును ‘పహణి కాదు, అడంగల్ అనాలి’ అని దిద్దితే, ఆ రైతు సండూరు కచేరీలో లేని కాగితం అడిగి వెనక్కి రావలసి ఉంటుంది. కచేరీ ఏ పేరుతో కాగితం ఇస్తుందో అక్కడ ఆ పేరే సరైనది. నిఘంటువుకు ఆ కిటికీ దగ్గర పని లేదు.

తప్పనిసరిగా, వెంటనే దిద్దవలసినవి కొన్ని ఉన్నాయి. రెండు భాషల మధ్య అర్థం తిరగబడే సంస్కృత పదాలు వాటిలో మొదటివి. కన్నడంలో అవసర అంటే తొందర, తెలుగులో అవసరం అంటే కావలసి రావడం. కన్నడంలో ప్రమాద అంటే పొరపాటు, తెలుగులో ప్రమాదం అంటే అపాయం, దుర్ఘటన. కన్నడ పత్రికలో ఆగ్రహ అంటే గట్టిగా కోరడం, తెలుగులో ఆగ్రహం అంటే కోపం. కన్నడంలో చదువుకున్న కుర్రవాడు ‘బస్సు దగ్గర నా వల్ల ప్రమాదం అయింది’ అని తెలుగులో చెబితే, టికెట్టు మరిచిన సంగతి కాస్తా విన్నవారికి ప్రాణం మీదికి వచ్చినట్టు వినిపిస్తుంది. అక్కడ మర్యాద కోసం ఊరుకోవడం మర్యాద కాదు. మందు మోతాదు, తేదీ, డబ్బు లెక్క, పొలం హద్దు కూడా ఈ కోవలోవే. వీటిలో తప్పు దొర్లితే పెద్దవారైనా, పదిమంది ఉన్నా అప్పుడే చెప్పాలి.

మిగిలినవాటికి సమయం చూడాలి. పెళ్ళిపత్రికలో అక్షరదోషం అచ్చుకు ముందు చూపితే ఉపకారం. పత్రిక చేతికిచ్చి బొట్టు పెట్టి పిలుస్తున్నప్పుడు చూపితే అది అవమానమే, పైగా దానివల్ల ఒరిగేదీ లేదు. చావు కబురు చెప్పేవారి మాటలో వ్యాకరణం వెతకరాదు. సభలో మాట్లాడేవారిని మధ్యలో ఆపరాదు. తప్పులెన్నడానికి పిలుపు ఉండే చోట్లూ కొన్ని ఉన్నాయి. అవధానంలో పృచ్ఛకుడు అవధానిని పరీక్షించడానికే కూర్చుంటాడు, ఇద్దరికీ ఆ ఒప్పందం ఉంటుంది. పద్యం తెచ్చి ‘చూడండి’ అన్నవారికీ దాచకుండా చెప్పాలి. అడగనివారితో అలాంటి ఒప్పందమేదీ లేదు.

చెప్పే తీరులో అన్నిటికన్నా మెత్తనిది, సరైన మాటను తన జవాబులో వాడి ఊరుకోవడం. ఎదుటివారు ‘ఉచ్ఛారణ’ అంటే ‘అవును, ఆ ఉచ్చారణ కష్టమే’ అనడం చాలు. పట్టుకునేవారు పట్టుకుంటారు. అది చాలకపోతే పక్కకు పిలిచి చెప్పాలి. పెద్దవారితో అయితే ‘నాకు ఇలా గుర్తు, సరేనా?’ అని అడిగే వరసలో చెప్పాలి. కన్నడ ఇంటివారు పొరుగువారి మీద ప్రేమతో తెలుగు మాట్లాడుతుంటే వారు అడిగేదాకా దిద్దకూడదు. కన్నడ క్రియ ఆడమనిషికీ ఆవుకూ వేరు రూపాలు ఇస్తుంది, తెలుగులో రెండింటికీ ‘వచ్చింది’ ఒక్కటే. అది విని తికమకపడి వారు ఏ రూపం వాడినా, నవ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

తెలుగులో దిద్దుబాటు పోరు ఒక తరాన్ని నడిపించింది. గ్రాంథికమే రాయాలన్న పండితులు వాడుక భాషను తప్పుల కుప్పగా చూస్తే, గిడుగు రామమూర్తి వారి గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపారు. ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరు ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం. వైద్యులమనుకున్నవారికి మందు రాసిచ్చిన పేరది, కాస్త చేదుగానే ఉంటుంది. దిద్దడంలో ఆయన అంత నిప్పు, అయినా ఆ నిప్పు చదువుకున్న అహంకారం మీదే. పర్లాకిమిడిలో ఉండి సవరల దగ్గర వారి భాష నేర్చుకున్నప్పుడు ఆయన శిష్యుడిగానే కూర్చున్నారు. తెలుగు, ఒడియా, సవర కలిసే ఆ ఊరూ సరిహద్దు ఊరే. 1936లో అది ఒడిశాలో చేరినప్పుడు ఆయన రాజమండ్రికి తరలిపోయారు.

దిద్దేవారే తప్పుచేయడం అరుదు కాదు. అర్థానికి బదులు అర్ధం అని రాసి, అంటే సగం అని రాసి, ఇతరులకు అర్థాలు చెప్పేవారు ఎందరో. బళ్ళారి అని రాయాలా, బళ్లారి అని రాయాలా అని ఘర్షణ పడేవారూ ఉన్నారు, రెండూ వాడుకలో ఉన్నవే. తాను దిద్దింది తప్పని తేలితే, ఎందరి ముందు దిద్దాడో అందరి ముందే ఒప్పుకోవాలి. పదిమందిలో పడ్డ మచ్చ చెవిలో చెప్పిన క్షమాపణతో పోదు. దిద్దించుకున్నవారి పని సులువు: ‘చూస్తాను’ అని, నిజంగా చూడటం.

ఇంటి పని మాత్రం ఇంటి మాటతోనే నడవాలి. అవ్వ అరకిలో ఉర్లగడ్డ, కిలో ఎర్రగడ్డ తెమ్మంటే పిల్లవాడు చీటీలో అవే మాటలు రాసుకోవాలి. అంగడివాడు తూచి ఇచ్చేది ఆ పేర్లకే.