మూడు ఊళ్ళ రసాయన పాఠం

గుంతకల్లు నుండి బెంగళూరుకు సాగే రైలుమార్గం మీద ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండిన ఈ మూడు ఊళ్ళు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. ధర్మవరం పట్టుచీరలకు ప్రసిద్ధి. పెనుకొండ విజయనగర ప్రభువుల కోటకు నెలవు. హిందూపురం బెల్లం, చింతపండు, పట్టుగూళ్ళ వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. చరిత్రకారునికి, వర్తకునికి, కళాభిమానికి ఈ ఊళ్ళు పరిచితాలే. రసాయనశాస్త్రం కొత్తగా చదివే విద్యార్థికి కూడా ఇవి చక్కని పాఠశాలలే.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో అడుగుపెట్టిన విద్యార్థిని రసాయనశాస్త్రంలో మూడు విషయాలు ఎక్కువగా బెదిరిస్తాయి. అవి రసాయన బంధం, రసాయన చర్య, సంఘటనపు లెక్క. అయానిక బంధమని, సమయోజనీయ బంధమని నిర్వచనాలు వల్లె వేస్తారు. సమీకరణాలను ఎటుపడితే అటు అంకెలు చేర్చి తుల్యం చేస్తారు. శాతాల లెక్కను సూత్రంగా బట్టీపడతారు. పరీక్ష ముగిసిన మరునాడు అవి మనస్సు నుండి జారిపోతాయి. ఈ మూడూ వేర్వేరు పాఠాలు కావని, ఒకే ప్రశ్నకు మూడు ముఖాలని గ్రహిస్తే భయం తొలగుతుంది. పదార్థంలో ఏ పరమాణువు దేనితో ముడిపడి ఉంది? ఆ ముడి ఎప్పుడు విడుతుంది? విడినప్పుడు ఏది ఎంత మిగులుతుంది? రసాయనశాస్త్రమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

మొదట హిందూపురం చింతపండును చూద్దురు గాక. రాగిచెంబును కొంతకాలం వాడక పక్కన పెడితే దాని మెరుపు మాసి, అక్కడక్కడ పచ్చని చిలుము పడుతుంది. గాలిలోని ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్ రాగితో కలిసినందువల్ల ఏర్పడే ఈ చిలుములో క్షార కాపర్ కార్బోనేట్ ముఖ్యమైనది. చింతపండు పులుసుతో తోమగానే చెంబు మళ్ళీ మెరుస్తుంది. చింతపండు పులుపునకు ప్రధాన కారణం టార్టారిక్ ఆమ్లం. ఈ ఆమ్లం చిలుముతో చర్య జరిపి, రాగి లవణాన్ని, నీటిని, కార్బన్ డయాక్సైడ్ వాయువును ఇస్తుంది. ఇల్లాలు చెంబును తోముతున్నప్పుడు జరిగేది ఆమ్లానికి, క్షార స్వభావం గల పదార్థానికి మధ్య జరిగే చర్యయే.

ఈ చర్యకు లెక్క కూడా ఉంది. చిలుము ప్రమాణ భారం 221. దానిలో రాగి పరమాణువులు రెండు. ఒక్కొక్క దాని భారం 63.5 కనుక మొత్తం 127. అనగా 221 గ్రాముల శుద్ధమైన చిలుములో 127 గ్రాముల రాగి ఉంటుంది. ఇది 57.5 శాతం. ఈ చిలుము హిందూపురంలోని చెంబు మీద ఏర్పడినా, ప్రయోగశాలలో తయారైనా శాతం మారదు. ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ ప్రౌస్ట్ పద్దెనిమిదవ శతాబ్ది చివర స్థిరానుపాత నియమాన్ని స్థాపించినప్పుడు ఆయన పరీక్షించిన పదార్థాలలో కాపర్ కార్బోనేట్ ఒకటి. ప్రకృతిలో దొరికినదానిలోను, తాను తయారుచేసినదానిలోను మూలకాల పాళ్ళు ఒక్కటేనని ఆయన చూపాడు.

చిలుమును వదలగొట్టడానికి 221 గ్రాములకు 300 గ్రాముల టార్టారిక్ ఆమ్లం కావాలి. ఎడమవైపు మొత్తం 521. కుడివైపు రాగి లవణం 423, కార్బన్ డయాక్సైడ్ 44, నీరు 54. ఇవి కూడా 521. చిలుము మాయమైనట్లు కంటికి కనిపించినా ఒక్క పరమాణువు కూడా నశించలేదు. కరిగిన రాగి పులుసులోకి చేరింది. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పులుసు నిలవ ఉంచరాదని పెద్దలు చెప్పడంలోని మర్మం ఇదే. రాగి లవణాలు ఎక్కువగా కడుపులోకి పోతే వాంతులు, కడుపునొప్పి కలుగుతాయి. అందుకే వంటపాత్రల లోపల తగరపు పూత వేయించేవారు. కళాయి అనేది పాత్రకు అలంకారం కాదు, ఆహారానికి రక్ష.

హిందూపురం నుండి ఉత్తరంగా వస్తే పెనుకొండ. 1565లో జరిగిన రాక్షసతంగడి యుద్ధం తరువాత విజయనగర రాజధాని ఇక్కడికి తరలివచ్చింది. కొండ మీది కోట గోడలు, ఊరిలోని గగనమహలు ఆనాటి వైభవానికి సాక్ష్యాలు. రాయితోను, ఇటుకతోను కట్టిన ఆనాటి మందిరాలకు గారగా నిలిచినది సున్నం. శతాబ్దాల ఎండకు, వానకు తట్టుకొన్న ఆ గారలో రసాయనశాస్త్రంలోని మూడు చర్యలు దాగి ఉన్నాయి.

సున్నపురాయి ప్రధానంగా కాల్షియం కార్బోనేట్. దీనిలో రెండు రకాల బంధాలున్నాయి. కాల్షియం రెండు ఎలక్ట్రాన్లను కోల్పోయి ధనావేశం పొందగా, కార్బోనేట్ సముదాయం రుణావేశం వహిస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఉంచేది అయానిక బంధం. కార్బోనేట్ లోపల కార్బన్, ఆక్సిజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకొంటాయి. అది సమయోజనీయ బంధం. ఎలక్ట్రాన్ జంటను పంచుకోవడం వల్ల బంధం ఏర్పడుతుందనే భావనను అమెరికా శాస్త్రవేత్త లూయీ 1916లో ప్రతిపాదించాడు.

సున్నపుబట్టీలో వేడి సుమారు 900 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు కార్బోనేట్ లోని ఒక కార్బన్-ఆక్సిజన్ ముడి తెగుతుంది. కార్బన్ డయాక్సైడ్ వాయువుగా పోతుంది. పొడిసున్నం మిగులుతుంది. కాల్షియం మాత్రం ఆక్సిజన్‌తో అయానిక బంధాన్ని నిలుపుకొంటుంది. 100 గ్రాముల సున్నపురాయి నుండి 56 గ్రాముల పొడిసున్నం, 44 గ్రాముల వాయువు వస్తాయి. బట్టీలో వేసిన రాయి కాలిన తరువాత తేలికగా ఉండడానికి కారణం ఇదే.

పొడిసున్నం మీద నీరు పోస్తే బుసబుస పొంగి, పెద్ద ఎత్తున వేడి పుడుతుంది. 56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటిని గ్రహించి 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. ఈ వేడి చర్మాన్ని కాల్చగలదు, కంటిలో పడితే చూపునే హరించగలదు. సున్నం కలిపేవారు ముఖాన్ని దూరంగా ఉంచి, నీటిని కొద్దికొద్దిగా పోయడం అనుభవం నేర్పిన జాగ్రత్త.

గోడకు పూసిన తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా పీల్చుకొని మళ్ళీ కాల్షియం కార్బోనేట్‌గా మారుతుంది. 74 గ్రాముల తడిసున్నం 44 గ్రాముల వాయువును గ్రహించి, 18 గ్రాముల నీటిని విడిచి, తిరిగి 100 గ్రాముల కార్బోనేట్ అవుతుంది. రాయిగా బయలుదేరిన పదార్థం నిప్పును, నీటిని, గాలిని దాటి మళ్ళీ రాయియే అయింది. పూత పైభాగంలో ఈ మార్పు త్వరగాను, లోపల చాలాకాలం పాటు మెల్లగాను సాగుతుంది. కాబట్టి సున్నపు గోడ కట్టిన తరువాత కూడా గట్టిపడుతూనే ఉంటుంది.

ఇక్కడ విద్యార్థి గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. బట్టీకి వచ్చే రాయి ఎన్నడూ పూర్తిగా శుద్ధమైనది కాదు. 1000 కిలోల రాయిలో 90 శాతమే కాల్షియం కార్బోనేట్ అయితే, లెక్కకు వచ్చేది 900 కిలోలే. దాని నుండి 504 కిలోల పొడిసున్నం, 396 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. శుద్ధతను మరచి 560 కిలోలని లెక్కించినవాడు 56 కిలోల మేర మోసపోతాడు. అతనిని మోసగించినవారు వేరెవరూ లేరు, అతని లెక్కయే మోసగించింది.

అటువంటి లెక్క కుటుంబపు బ్రతుకును ఎట్లా తాకుతుందో ధర్మవరం చెబుతుంది. ఈ పట్టణపు పట్టుచీర వెనుక పట్టుపురుగు నేసిన గూడు ఉంది. గూటిలోని పోగులో రెండు ప్రోటీన్లుంటాయి. లోపలి పోగు ఫైబ్రోయిన్. దాని చుట్టూ అంటుకొన్న జిగురు సెరిసిన్. రెండూ అమైనో ఆమ్లాల గొలుసులే. ఫైబ్రోయిన్‌లో గ్లైసీన్, అలనీన్ అనేవి అధికం. గ్లైసీన్ అణుభారం 75. అలనీన్ అణుభారం 89. ఈ రెండు అణువులు కలిసినప్పుడు 18 భారం గల ఒక నీటి అణువు బయటికి పోయి, 146 భారం గల జంట ఏర్పడుతుంది. కలిసిన చోట ఏర్పడిన సమయోజనీయ ముడిని పెప్టైడ్ బంధమంటారు. ఇట్టి ముడులు వేలకొలది చేరి పట్టుపోగు అవుతుంది.

ఒక గొలుసు పక్కన మరొక గొలుసు చేరినప్పుడు వాటిని హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. ఒక్కొక్క హైడ్రోజన్ బంధం బలహీనమైనదే. లెక్కలేనన్ని కలిసినప్పుడు అవి పోగుకు అపారమైన బలాన్నిస్తాయి. గొలుసులు పొరలు పొరలుగా అమరిన ఈ నిర్మాణాన్ని మార్ష్, కోరే, పౌలింగ్ అనే శాస్త్రజ్ఞులు 1955లో వివరించారు. ఫైబ్రోయిన్ గొలుసులు ఇట్లా బిగుతుగా అమరి ఉన్నందున వేడి సబ్బునీరు వాటి మధ్యకు సులభంగా చొరలేదు. సెరిసిన్‌లో అంతటి బిగువు లేదు. నీటితో పొత్తు కుదుర్చుకొనే సముదాయాలు దానిలో అధికం. అందుచేత సబ్బు, కొద్దిపాటి సోడా కలిపిన వేడినీటిలో పచ్చి పట్టును ఉడికిస్తే జిగురు కరిగిపోతుంది, మెత్తని మెరిసే పోగు మిగులుతుంది.

సోడా హద్దు మీరినా, ఉడుకు అతిగా సాగినా క్షారం ఫైబ్రోయిన్‌లోని పెప్టైడ్ బంధాలను కూడా తెంచసాగుతుంది. పోగు మెరుపు తప్పి, మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. జిగురును మాత్రమే విడిపించి పోగును కాపాడడమే ఈ పనిలోని నేర్పు. రంగు అద్దేటప్పుడు కూడా బంధమే పని చేస్తుంది. ఆమ్లం కలిపిన నీటిలో పట్టులోని అమైనో సముదాయాలు ధనావేశం పొందుతాయి. రుణావేశం గల ఆమ్లవర్ణకాలు వాటిని అంటిపెట్టుకొంటాయి. రంగు నిలుస్తుంది.

జిగురు తీసినప్పుడు పట్టు బరువు సుమారు నాలుగింట ఒక వంతు తగ్గుతుంది. 4 కిలోల పచ్చి పట్టు ఇంచుమించు 3 కిలోలవుతుంది. ఒక నేతగానికి 600 గ్రాముల శుద్ధమైన పట్టు కావలసి ఉన్నదనుకొందాం. 25 శాతం తరుగు కదా అని 600కు 25 శాతం కలిపి 750 గ్రాములు కొంటే, ఉడికించిన తరువాత చేతికి 562.5 గ్రాములే వస్తుంది. పేకకు పట్టు చాలదు. 600ను 0.75 చేత భాగించి 800 గ్రాములు కొనాలి. తరుగును పచ్చి పట్టు మీద లెక్కించాలి, మిగిలిన పట్టు మీద కాదు.

ధర విషయంలో ఈ పొరపాటు మరింత బాధిస్తుంది. ఉదాహరణకు పచ్చి పట్టు కిలో 4,500 రూపాయలైతే, శుద్ధమైన పట్టు కిలో 6,000 రూపాయలు పడుతుంది. 25 శాతం కలిపి 5,625 రూపాయలని భావించి చీర వెల కట్టినవాడు కిలోకు 375 రూపాయలు నష్టపోతాడు. కుటుంబమంతా రోజుల తరబడి మగ్గం వద్ద చేసిన శ్రమలోనుండి ఆ సొమ్ము తరిగిపోతుంది. తరగతిలో ఒక మార్కు పోగొట్టే తప్పు ఇంటిలో కూలిని పోగొడుతుంది.

పట్టు పేరిట కృత్రిమపు నూలు అమ్మేవారి నుండి కొనుగోలుదారును కాపాడేది కూడా సంఘటన జ్ఞానమే. పట్టు ప్రోటీన్ కనుక కాలినప్పుడు వెంట్రుక కాలిన వాసన వస్తుంది, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసగా గడ్డకడుతుంది. రేయాన్ సెల్యులోజ్ గనుక కాగితం వలె మండుతుంది. శుద్ధమైన పట్టును గుర్తించడానికి కేంద్ర పట్టు మండలి ప్రోత్సాహంతో 2004లో సిల్క్ మార్క్ అనే ముద్ర కూడా అమలులోకి వచ్చింది.

చింతపండు పులుసు చిలుముతోను, బట్టీ నిప్పు సున్నపురాయితోను, సబ్బునీరు పట్టు జిగురుతోను చేసేది ఒక్కటే పని. కొన్ని ముడులను విప్పి, కొన్నింటిని విడిచిపెడుతుంది. ఏ ముడి విడుతుందో చెప్పేది బంధ జ్ఞానం. ఎట్లా విడుతుందో చెప్పేది చర్యా జ్ఞానం. ఎంత మిగులుతుందో చెప్పేది సంఘటనపు లెక్క. ఇల్లాలికి, తాపీపనివానికి, నేతగానికి అనుభవం ఈ విద్యను నేర్పింది. కారణాన్ని కూడా తెలుసుకొనే అవకాశం నేటి విద్యార్థికి దక్కింది. ఆ తెలివి ప్రయోగశాల గోడలు దాటి మగ్గపు గుంట దాకా చేరిన నాడే చదివిన చదువు సార్థకమవుతుంది.

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. సున్నపురాయి మళ్ళీ రాయిగా మారే క్రమంలోని మూడు చర్యలను భారాలతో సహా వివరించండి.
2. ధర్మవరం పట్టు తయారీలో రసాయన బంధాల పాత్రను తెలపండి.

ఆ. సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. కళాయి లేని పాత్రలో పులుసు ఎందుకు నిలవ ఉంచరాదు?
2. పట్టును, పాలిస్టర్‌ను కాల్చి ఎట్లా గుర్తిస్తారు?
3. 80 శాతం శుద్ధత గల 500 కిలోల సున్నపురాయి నుండి ఎంత పొడిసున్నం లభిస్తుంది?
4. 900 గ్రాముల శుద్ధమైన పట్టు కావాలంటే ఎంత పచ్చి పట్టు కొనాలి?