బండి ఎత్తు పెంచాలా? కమాను బాగు చేయించాలా?



ఈ పాఠం బండి గురించి. "బండి సంగతి మగవాళ్లు చూసుకుంటారు, మనకెందుకు?" అని పేజీ తిప్పేయకండి. పొదుపు సంఘం అప్పుతో బండి కొన్న ఊళ్లు ఉన్నాయి. అక్కడ నెలనెలా కంతు కట్టేది ఆడవాళ్లే. బండిలో పోయేవి మన కూరగాయలు, మన పాల క్యాన్లు. ఒక్కోసారి మనమే ఎక్కి పోతాం. మరి దాని సంగతి మనకు తెలియకపోతే ఎలా?

ఒక సంఘం ఉందనుకుందాం. పది మంది సభ్యులు. అందరూ కలిసి ఒక పాత పికప్ బండి కొన్నారు. తెల్లవారుజామున టమాటాలు, వంకాయలు, ఆకుకూరలు వేసుకుని అది రైతు బజారుకు పోతుంది. నాలుగు నెలలు బాగానే నడిచింది. తర్వాత వెనక భాగం కిందికి దిగింది. బరువు వేస్తే ఇంకా దిగుతుంది. డొంకదారిలో రాళ్లు అడుగున తగులుతున్నాయి.

బండిని షెడ్డుకు తీసుకుపోయారు. మేస్త్రీ చూశాడు.

"అమ్మా, ఇంకో రెండు పట్టీలు వేసి, కింద దిమ్మలు పెడితే బండి బెత్తెడు లేస్తుంది. ఇంకో రెండు క్వింటాళ్లు ఎక్కువ వేసుకోవచ్చు" అన్నాడు.

డ్రైవరు వెంటనే సరే అన్నాడు. సంఘం లీడరు మాత్రం ఆగింది.

"అన్నా, ఎత్తు పెరిగితే బలం కూడా పెరుగుతుందా?" అని అడిగింది.

ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

కమాను అంటే ఏమిటి?

మీరు కావడి చూసే ఉంటారు. కావడి బద్ద వెదురుది. రెండు పక్కలా బరువు వేలాడుతుంది. మనిషి అడుగు వేసినప్పుడల్లా బద్ద వంగుతుంది, లేస్తుంది. అలా వంగుతుంది కాబట్టే భుజం నొప్పి పుట్టదు. అదే ఇనుప గడ్డపారతో కావడి మోయమనండి! నాలుగు అడుగులకే భుజం వాచిపోతుంది.

బండి కింద ఉండే కమాను కూడా ఇలాంటిదే. పొడవాటి ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. పొడుగు పట్టీ ఒక కొసన, పొట్టి పట్టీ ఇంకో కొసన ఉంటాయి. నడుమ బోల్టు ఉంటుంది. పట్టీల కట్టను ఇరుసుకు పట్టి ఉంచేవి యూ బోల్టులు. ఇంగ్లీషు అక్షరం 'యూ' లాగా వంగి ఉంటాయి కాబట్టి వాటికి ఆ పేరు. కట్ట ఒక చివర షాకిల్ అనే చిన్న లంకె ఉంటుంది. బరువు పడినప్పుడు పట్టీ సాగడానికి అది చోటు ఇస్తుంది. బొలెరో పికప్, టాటా ఏస్ వంటి బండ్లలో కమాన్లు ఇలా పట్టీలతోనే ఉంటాయి.

కొత్త కమాను విల్లులా వంగి ఉంటుంది. ఏళ్ల తరబడి బరువు మోసి మోసి ఆ వంపు తగ్గుతుంది. పట్టీ చదునవుతుంది. దాన్నే "కమాను కూర్చుంది" అంటాం. కొన్నిసార్లు లోపల ఒక పట్టీ విరిగి ఉంటుంది. మట్టి, గ్రీజు కప్పేయడం వల్ల బయటికి కనపడదు.

ముందు కొలవండి

కుట్టుపనికి వాడే టేపు చాలు. ఖాళీ బండిని చదునైన నేల మీద నిలబెట్టండి. చక్రం నడిమి నుంచి, నేరుగా పైన ఉన్న బాడీ అంచు వరకు కొలవండి. నేల నుంచి కొలవకండి. టైరులో గాలి తక్కువైతే ఆ లెక్క తప్పుతుంది. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి నోటు పుస్తకంలో రాసుకోండి.

ఎడమ వైపు, కుడి వైపు లెక్కలు దాదాపు ఒకటిగా ఉండాలి. ఒక పక్క బాగా తక్కువ ఉంటే అక్కడ పట్టీ విరిగిందేమో చూడమనాలి. రెండు పక్కలూ తగ్గాయా? అదే రకం బండి, మంచి స్థితిలో ఉన్నది, ఊళ్లో ఇంకొకటి ఉంటే దాన్ని కూడా కొలవండి. తేడా తెలిసిపోతుంది. ఇది పది నిమిషాల పని. ఈ లెక్క చేతిలో ఉంటే షెడ్డులో మాట్లాడే తీరే మారుతుంది.

ఇంకో సంగతి చూడాలి. రాయి తగిలేది దేనికి? వెనక ఇరుసు నడుమ గుండ్రటి హౌసింగ్ ఉంటుంది. రాయి దానికి తగులుతుంటే కమాను ఎత్తు చేసినా లాభం లేదు. ఎందుకంటే కమాను ఇరుసు మీద కూర్చుంటుంది. కమాను పెంచితే పైనున్న బాడీ లేస్తుంది. ఇరుసు మాత్రం ఉన్న చోటే ఉంటుంది. అదే సైలెన్సరు గొట్టానికో, బాడీ అడుగుకో తగులుతుంటే అప్పుడు కమాను సంగతి ఆలోచించవచ్చు.

ఎత్తు చేసే పద్ధతులు

షెడ్డుల్లో నాలుగైదు పద్ధతులు చెబుతారు. అన్నీ ఒకటి కాదు.

పాత పట్టీలను విప్పి, సుత్తితో కొట్టి మళ్లీ వంపు తేవడం ఒకటి. ఖర్చు తక్కువ. పని తెలిసినవాడు చేస్తే కొంతకాలం నిలుస్తుంది. కానీ కొందరు పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి వంచుతారు. స్ప్రింగు ఉక్కుకు బలం వచ్చేది సరైన వేడి, సరైన చల్లార్పు వల్లనే. ఆ లెక్క తప్పితే పట్టీ మెత్తబడి మళ్లీ కూర్చుంటుంది. లేదా పెళుసై పుటుక్కున విరుగుతుంది.

పట్టీ జోడించడం ఇంకొకటి. బండి లేస్తుంది, కమాను బిగుసుగా అవుతుంది. నిండు బరువుతో పోయేటప్పుడు బాగానే ఉంటుంది. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎగిరెగిరి పడుతుంది. సగం లోడు టమాటా ఉంటే అడుగు డబ్బాల్లో పచ్చడే! ఒక పట్టీ, అదీ అదే బండికి తగిన కొలతది, వేయించుకుంటే సరేననవచ్చు. మూడు నాలుగు వేస్తే కావడి బద్ద పోయి గడ్డపార వచ్చినట్టే.

దిమ్మ పెట్టడం మూడోది. ఇరుసుకు, కమానుకు మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడుగు యూ బోల్టులతో బిగిస్తారు. ఇది తేలిక, చవక. డ్రైవర్లకు ఇదంటే ఇష్టం. నన్నడిగితే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది దీనితోనే. దిమ్మ ఎత్తే ఇస్తుంది, బలం పిసరంత కూడా పెంచదు. కూర్చున్న కమాను కూర్చునే ఉంటుంది. దిమ్మ మీద దిమ్మ పెడితే, బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలి తిరిగి దిమ్మ జారవచ్చు. ముందు చక్రాల దగ్గర దిమ్మ అసలే వద్దు. అక్కడ స్టీరింగు ఉంటుంది, బ్రేకు ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. కర్ర దిమ్మ పెడతానంటే ఆ షెడ్డు నుంచి బండి తోలుకుని వచ్చేయండి.

పొడుగు షాకిల్ వేసే పద్ధతి కూడా ఉంది. దీంట్లో చిన్న లెక్క ఉంది. షాకిల్ రెండంగుళాలు పొడుగు చేస్తే బండి సుమారు ఒక అంగుళమే లేస్తుంది. పైగా ఇరుసు కోణం మారుతుంది. పెద్ద టైర్లు వేసినా అంతే. టైరు రెండంగుళాలు పెద్దదైతే బండి లేచేది ఒక అంగుళం. హౌసింగ్‌ను పైకి లేపేది ఈ పద్ధతి ఒక్కటే. కానీ పెద్ద టైరును ఆపడానికి బ్రేకుకు ఎక్కువ కష్టం. మలుపులో బాడీకి రాసుకుంటుంది. స్పీడు ముల్లు కూడా అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది.

చివరిది, కంపెనీ కొలత ప్రకారం కొత్త కమాను కట్టలు వేయించడం. రెండు పక్కలా ఒకేసారి వేయించాలి. కొత్త బుష్‌లు, కొత్త యూ బోల్టులు కూడా కావాలి. మొదట ఖర్చు ఎక్కువే. కానీ బండి పుట్టినప్పుడు ఎంత ఎత్తు ఉందో అంత ఎత్తుకు వస్తుంది. బ్రేకు, స్టీరింగు అన్నీ ఆ ఎత్తుకే చేసి ఉంటాయి. ఇరవై కిలోమీటర్ల డొంకలో రోజూ తిరిగే సంఘం బండికి ఇదే సరైనదని నా అభిప్రాయం.

ఎత్తు పెరిగితే ఏమవుతుంది?

తలమీద ఒక బిందె పెట్టుకుని గట్టు మీద నడుస్తాం. కష్టం లేదు. బిందె మీద బిందె పెట్టుకుంటే? నడవగలం, కానీ మెల్లగా. మలుపులో మెడ బిగబట్టాలి. బరువు పైకి పోయేకొద్దీ పక్కకు ఒరిగే భయం పెరుగుతుంది. బండికీ అంతే. ఎత్తు చేసిన బండి, పైన నిండా బరువు, చెరువు కట్ట మీద మలుపు... ఆ పైన చెప్పక్కర్లేదు.

కంటికి కనపడనివి ఇంకా ఉన్నాయి. బ్రేకు నూనె పోయే రబ్బరు గొట్టం బిగుసుకుంటుంది. చక్రం గుంతలో దిగినప్పుడు అది తెగితే బ్రేకు ఉండదు. ఇంజను నుంచి వెనక్కి పోయే షాఫ్టు కోణం మారి, దాని క్రాసులు తొందరగా అరుగుతాయి. బండి వణుకుతుంది. కొన్ని బండ్లలో వెనక ఇరుసుకు కలిపి బ్రేకు వాల్వు ఒకటి ఉంటుంది. బాడీ ఎంత కిందికి దిగిందో చూసి, బరువు ఎంత ఉందో అది తెలుసుకుంటుంది. దాన్ని బట్టి వెనక బ్రేకుకు బలం పంపుతుంది. మనం దిమ్మ పెట్టి బాడీని లేపితే, నిండు బండిని కూడా అది ఖాళీ బండి అనుకుంటుంది! వెనక బ్రేకు తక్కువ పడుతుంది. ఈ వాల్వును మళ్లీ సరిచేయకుండా బండి ఎత్తు చేయడం అంటే నిప్పుతో చెలగాటమే.

ఇక లీడరు ప్రశ్నకు జవాబు. కమాను ఒక్కటి గట్టిపడినంత మాత్రాన బండి బలం పెరగదు. ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు, చాసిస్ అన్నీ పాతవే కదా! రెండు క్వింటాళ్లు ఎక్కువ వేస్తే ఆ బరువు వాటి మీదే పడుతుంది.

ఆర్‌సీ చదవండి

బండి ఎంత మోయవచ్చో మేస్త్రీని అడగక్కర్లేదు. బండి కాగితం, అంటే ఆర్‌సీలో రాసి ఉంటుంది. ఖాళీ బరువు ఒక చోట, బరువుతో కలిపి మొత్తం ఎంత ఉండాలో ఇంకో చోట ఉంటాయి. ఉదాహరణకు మొత్తం బరువు 2,950 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకోండి. తీసివేయండి. 1,250 కిలోలు వస్తుంది. ఇందులో డ్రైవరు, పక్కన కూర్చున్న మనిషి బరువు 130 కిలోలు తీసేయాలి. సరుకుకు మిగిలింది 1,120 కిలోలు. టమాటా డబ్బా ఒకటి 28 కిలోలు తూగితే 40 డబ్బాలు. నలభై ఒకటోది వద్దు.

చట్టం కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. అందులో 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలకు, కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అదే సంవత్సరం చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం ఇష్టం వచ్చినట్టు బండిని మార్పించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అధిక బరువుకు చట్టంలో రాసిన జరిమానా 20,000 రూపాయలు. ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000. యజమాని అంటే ఎవరు? ఆర్‌సీలో పేరున్నవారు. డ్రైవరు కాదు, మేస్త్రీ కాదు. పాడైన కమాను తీసి అదే కొలతది వేయించడం మరమ్మతే కాబట్టి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మిరప కోతకో, పత్తి తీతకో పోయేటప్పుడు సరుకు బండి వెనక ఇరవై మంది ఆడవాళ్లు నిలబడి పోవడం చూస్తుంటాం. సరుకు ఒక చోటే ఉంటుంది, మనుషులు కదులుతారు. మలుపులో అందరూ ఒక పక్కకు ఒరుగుతారు. ఎత్తు చేసిన బండి అయితే చెప్పనే అక్కర్లేదు. సరుకు బండిలో ఊరికే ఎక్కి పోయినవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కూలి డబ్బుతో పాటు ప్రాణం పోయినా ఇంటివాళ్లకు బీమా కంపెనీ నుంచి పరిహారం రాదు. వానకాలం పనుల్లో ఆటో దొరకదు, నిజమే. అయినా కూలికి పిలిచే రైతును "మనుషుల బండి పంపితేనే వస్తాం" అని పదిమందీ కలిసి అడిగితే పంపక తప్పుతుందా?

షెడ్డులో ఏం అడగాలి?

మన లీడరు ఇలా అడిగింది:

"అన్నా, దిమ్మలు వద్దు. కంపెనీ కొలత కట్టలు రెండు పక్కలా వేస్తే ఎంతవుతుంది? ఏ సామాను ఎంతో కాగితం మీద రాసి ఇవ్వు. ఇంకో షెడ్డులో కూడా అడిగి వస్తాం."

మేస్త్రీ తల గోక్కున్నాడు. "రాసిస్తానమ్మా. కానీ బరువు తగ్గించకపోతే ఇవి కూడా కూర్చుంటాయి" అన్నాడు. ఆ మాట నిజం.

పని అయ్యాక బండిని వెంటనే రోడ్డెక్కించకండి. బ్రేకు గొట్టం బిగుసుగా ఉందేమో చూడమనండి. టేపుతో మళ్లీ కొలిచి, పాత లెక్క పక్కన రాయండి. యూ బోల్టులు కొన్ని రోజులు తిరిగాక కాస్త వదులవుతాయి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించాలి. ఆ తేదీని సంఘం పుస్తకంలో రాసి పెట్టుకోండి. పాత పట్టీలు షెడ్డులో వదలకండి. ఇనుప సామాను కొట్టులో తూకానికి డబ్బులు వస్తాయి.

లెక్క చేయండి

ఒక చిన్న బండి ఆర్‌సీలో ఖాళీ బరువు 850 కిలోలు, మొత్తం బరువు 1,550 కిలోలు అని ఉంది. డ్రైవరు, పక్క మనిషి కలిపి 120 కిలోలు. డబ్బా ఒకటి 28 కిలోలు. ఎన్ని డబ్బాలు వేయవచ్చు?

మాట్లాడుకోండి

మీ ఊళ్లో సరుకు బండి ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? దాన్ని మీలో ఎవరైనా చదివారా? వచ్చే కూటమికి ఒక నకలు తెప్పించి, బరువు రాసి ఉన్న చోటు వెతకండి.