అద్దం ముందు నుంచి లే, బయట పని ఉంది

పెళ్లికి వెళ్తే మనవాళ్ల పలకరింపే ఒంటి మీద మొదలవుతుంది. "ఏంట్రా ఇలా బక్కచిక్కిపోయావ్, హాస్టల్లో తిండి పెట్టట్లేదా?" అంటాడు ఒక బాబాయి. "కాస్త ఒళ్లు తగ్గించవే" అంటుంది ఒక అత్తయ్య. "నలుపైనా కళ గల ముఖం" అని ఇంకొకరి మెచ్చుకోలు. అన్నవాళ్లు బంతిలో కూర్చునేసరికి ఆ మాట మర్చిపోతారు. పద్నాలుగేళ్ల పిల్ల మాత్రం దాన్ని ఇంటిదాకా మోసుకొచ్చి, గది తలుపు వేసుకుని, అద్దంలో వెతుక్కుంటుంది. ఇక క్లాసులో సోడాబుడ్డి, బండోడు, కర్రోడు సరేసరి. పదో తరగతి గ్రూప్ ఫొటోలో వెనక వరుసకి జారుకునేవాళ్లందరూ పొడుగు వల్లే జారుకోరు.

నువ్వు ఆ వెనక వరుసలో ఉంటే, ముందుగా ఒకటి తెలుసుకో. ఈ బాధ నీతోపాటు పుట్టలేదు. ఎవరో నేర్పితే వచ్చింది.

ఫిజీ దీవుల్లో ఒకప్పుడు పుష్టిగా ఉన్న ఒళ్లే అందం. పిల్ల చిక్కిపోతే ఇంటిల్లిపాదీ కంగారుపడేవాళ్లు. అక్కడి నద్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలో ఒకసారి, 1998లో మరోసారి అక్కడి హైస్కూలు ఆడపిల్లల్ని ప్రశ్నించారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకుంటున్నామన్నవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్లకి నూటికి 11 మంది తేలారు. చిన్న అధ్యయనమే, రెండుసార్లూ అరవై పైచిలుకు పిల్లలే. అయినా తరతరాలుగా తమ ఒంటితో హాయిగా బతికినచోట మూడేళ్లలో ఇంత మార్పు వచ్చిందంటే, తప్పు ఒంట్లో ఉందా, చూపించిన బొమ్మల్లో ఉందా?

మన దగ్గర ఆ పాఠం ఇంకా ముందే మొదలైంది. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. రంగు తేలితే ఉద్యోగం, రంగు తేలితే పెళ్లి అని ప్రకటనలు చూపిస్తూనే వచ్చాయి. 2020లో గానీ ఆ పేరులోంచి "ఫెయిర్" పోలేదు. మీ అమ్మ, మీ మేనత్త ఆ ప్రకటనలు చూస్తూ పెరిగినవాళ్లు. వాళ్ల నోట ఆ మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిస్తే కొంచెం కోపం తగ్గుతుంది.

క్రీముల సంగతి వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. స్నేహితురాలు చెప్పిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో ముఖం తేటపడినట్టే కనిపిస్తుంది. పోనుపోను చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలు ఇంకా రేగుతాయి, మానేస్తే మంట పుడుతుంది. అందుకే 2018లో కేంద్రం ఇలాంటివాటిని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది. మొటిమలు నిజంగా బాధపెడుతుంటే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

"అందరూ నన్నే చూస్తున్నారు" అనే భయం ఇంకొకటి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్ బృందం దీన్ని పరీక్షించి 2000లో ప్రచురించింది. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, ఒక్కో విద్యార్థిని నలుగురున్న గదిలోకి పంపారు. గదిలో సగంమందైనా గమనించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. గమనించింది పావువంతు మంది. మిగతావాళ్లకి ఎవరి గొడవ వాళ్లది.

ఇవన్నీ తెలిసినా, అద్దం ముందు నిలబడ్డప్పుడు గుర్తురావు. "నిన్ను నువ్వు ప్రేమించుకో" అనే సలహా ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. మంచి మనసుతో చెప్పేదే గానీ, నాకు దానిమీద పెద్ద నమ్మకం లేదు. అది కూడా నీ చూపుని మళ్లీ నీ ముఖం మీదికే తిప్పుతుంది. ఆ చూపుకి వేరే పని కావాలి. ఎదుటివాళ్లకి నిజంగా అవసరమైన పని, నువ్వు వెళ్లకపోతే ఆగిపోయే పని.

ఒకటి చెప్తాను. చూపులేని విద్యార్థుల్లో చాలామంది పదో తరగతి పరీక్ష రాయాలంటే, వాళ్లు చెప్పే జవాబులు రాసిపెట్టే స్క్రైబ్ పక్కన కూర్చోవాలి. సాధారణంగా కింది తరగతి పిల్లలనే తీసుకుంటారు, అంటే నీ ఈడువాళ్లే. ప్రశ్న మొత్తం చదవాలి, మార్కులెన్నో చెప్పాలి. "మళ్లీ చదువు" అంటే విసుక్కోకుండా మళ్లీ చదవాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి. వాళ్లు చెప్పే జవాబు తప్పని నీకు తెలిసినా, ఆ తప్పే రాయాలి. ఇది చాలా కష్టం, చెయ్యి ఊరుకోదు. ఎక్కడిదాకా వచ్చామో మర్చిపోతే ఆఖరి వాక్యం చదివి వినిపించాలి. గంటకి కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాలు ఉన్నాయి. ఆ లెక్కన మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. అంతసేపూ నీ గొంతు స్పష్టంగా ఉందా, రాత అర్థమవుతుందా, ఓపిక ఉందా అన్నదే లెక్క. ఇంకొకరి ఏడాది కష్టం నీ వేళ్ల చివర ఉన్నప్పుడు నీ ముక్కు వంకర నీకు గుర్తురాదు.

పని ఇదొక్కటే కాదు. పెన్షన్ ఫారం నింపలేని తాత, ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలో తెలియని మామ్మ, ఎక్కాలు రాని పక్కింటి నాలుగో తరగతి పిల్లాడు, అందరూ నీ వీధిలోనే ఉన్నారు.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సమయంలో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర 14 ఏళ్ల వాలంటీరు ఒకమ్మాయి ఉంది. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపొద్దని ఆమెకి చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వస్తే ఆయన్నీ ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే వదిలింది. నెహ్రూ మెచ్చుకున్నారు. ఆమే తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఈ కథ నూరేళ్లుగా చెప్పుకుంటున్నాం. ఆ పిల్ల రంగెంత, ఎత్తెంత అని ఎవరైనా అడగడం విన్నావా?

గాయమే పనిగా మారినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని టెక్సస్‌కి చెందిన లిజ్జీ వెలాస్కెజ్‌కి ఒంట్లో కొవ్వు నిలవని అరుదైన జబ్బు. ప్రపంచంలోకెల్లా వికారమైన ఆడమనిషి అంటూ తన మీద ఎవరో పెట్టిన యూట్యూబ్ వీడియో ఆమె 17వ ఏట కంటపడింది. కింద వేల కామెంట్లు. ఆ తర్వాత ఆమె బడుల్లో పిల్లల్ని ఏడిపించడానికి వ్యతిరేకంగా మాట్లాడటమే జీవితం చేసుకుంది, చట్టం కోసం ప్రజాప్రతినిధుల గడప తొక్కింది.

సేవకి వెళ్లి సెల్ఫీ దిగితే మాత్రం మళ్లీ మొదటికే వచ్చినట్టు. ఫోను సంచిలో పెట్టెయ్. ఇంకో సంగతి, సేవ మందు కాదు. పూటలు పూటలు అన్నం మానేస్తున్నా, తిన్న వెంటనే వాంతి చేసుకుంటున్నా, బడికి వెళ్లాలంటేనే వణుకు వస్తున్నా, ఒంటిని గాయపరుచుకోవాలనిపిస్తున్నా ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇంట్లో చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకేంద్రం టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. ఖర్చు లేదు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

పెద్దవాళ్లకి కూడా ఒక మనవి. పిల్లలు కంచం ముందు కూర్చున్నప్పుడు వాళ్ల బరువు మాట ఎత్తకండి. ఇంటికొచ్చిన చుట్టాలు ఎత్తితే, పిల్లల ముందే ఆపండి. మీరు ఊరుకుంటే ఒప్పుకున్నారనే వాళ్లకి అర్థమవుతుంది.

ఇక మొదలుపెట్టడం. స్కూల్లో ఉంటే హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లి, దగ్గర్లో స్క్రైబ్ అవసరమైన విద్యార్థులున్నారేమో కనుక్కోమని అడుగు. కాలేజీలో ఉంటే ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉందేమో చూడు. గాంధీ శతజయంతి ఏడాది 1969లో మొదలైన పథకం అది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లు పని, మధ్యలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. స్క్రైబ్‌గా వెళ్లేమాటైతే ముందు ఇంట్లో సాధన చెయ్యి. పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకుని, తమ్ముణ్నో అక్కనో కళ్లు మూసుకుని జవాబులు చెప్పమను. ఒక్క మాట కూడా దిద్దకుండా రాయి. అయ్యాక నువ్వు ఎక్కడ తొందరపెట్టావో, ఎక్కడ గొంతు వినపడలేదో వాళ్లనే అడుగు.