మందు పడకపోతే మానేయకండి, తెలియజేయండి

లబ్ధిదారులకు గమనిక.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ మందులు నెలనెలా ఉచితంగా తెచ్చుకుంటున్నారు కదా. వాటిలో ఏదో ఒకటి "నాకు పడట్లేదు" అని, ఎవరికీ చెప్పకుండా మానేసేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఎనలాప్రిల్ వేసుకునేవారిలో కొందరికి పొడి దగ్గు పట్టుకుని వదలదు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి. ఇవి డాక్టర్లకు తెలిసినవే, చెబితే మందు మారుస్తారు. చెప్పకుండా మానేస్తే మాత్రం బీపీ పెరిగి పక్షవాతం దాకా పోవచ్చు.

కాబట్టి ముందు డాక్టరుకు చెప్పండి. తర్వాత, ఆ విషయం ప్రభుత్వానికి కూడా చేరవేయొచ్చు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. ఇప్పుడు దాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తోంది. డాక్టర్లే కాదు, మందు వాడే మీరూ చెప్పొచ్చు.

ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి "ఏడీఆర్ పీవీపీఐ" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. యాప్ ఉచితం. ఇంగ్లీషు కష్టమైతే ఇంట్లో చదువుకునే పిల్లల చేత నింపించండి, లేదా ఆశా కార్యకర్తను అడగండి. రోగి వయసు, ఏ మందు, దేనికోసం, ఎప్పట్నుంచి వాడారు, ఏమైంది, ఇప్పుడెలా ఉంది, చెబుతున్నది ఎవరు: ముఖ్యంగా ఇవే. ఆర్ఎంపీ ఇచ్చిన మాత్ర, నాటు మందు కూడా వాడి ఉంటే దాచకుండా రాయండి. అసలు కారణం అదే కావచ్చు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే షీటు అప్పటికే చెత్తలో పడేసి ఉంటారు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ షీటు మీదే ఉంటాయి. షాపువాడు మాత్రలు కత్తిరించి ఇస్తే, ఆ నంబరున్న ముక్కను ఫోన్‌తో ఫోటో తీసుకోండి.

"ఆ మందు వల్లే అని గ్యారంటీ ఏంటి?" అని అడుగుతారు. గ్యారంటీ అక్కర్లేదు, అనుమానం చాలు. తేల్చడం నిపుణుల పని. రోగి వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఇది డాక్టరు మీద ఫిర్యాదు కాదు, దీనివల్ల మీ ఆరోగ్యశ్రీ కార్డుకు వచ్చే ఇబ్బందేమీ లేదు. అలాగే ఇందులో నష్టపరిహారం కూడా రాదు, ఆ ఆశతో నింపకండి.

మరి ఏం లాభం? నెలసరి నొప్పికి మనవాళ్లు తరచూ వేసుకునే మెఫెనమిక్ యాసిడ్ సంగతి చూడండి. ఇలా అందిన రిపోర్టులను పరిశీలించాకే, 2023 నవంబరు చివర్లో కమిషన్ దానిపై హెచ్చరిక ఇచ్చింది. అరుదుగా జ్వరం, దద్దుర్లతో మొదలై లోపలి అవయవాలకూ హాని చేసే రియాక్షన్ రావచ్చని డాక్టర్లనూ, రోగులనూ అప్రమత్తం చేసింది.

ముఖం, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, నోట్లో పుండ్లతో ఒళ్లంతా బొబ్బలెక్కినా యాప్ జోలికి పోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. నమోదు తర్వాత చూసుకోవచ్చు.

స్మార్ట్‌ఫోన్ లేనివారు 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరుకు చేయొచ్చు. పనిదినాల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు ఎత్తుతారు. వినియోగదారుల ఫారం తెలుగులోనూ ఉంది. పిల్లలకు టీకా వేశాక ఏదైనా తేడా కనిపిస్తే, టీకా వేసిన ఏఎన్ఎంకు అదేరోజు చెప్పండి.