బూడిద రంగు కారు, బీఎన్ రోడ్డు

రావికమతం



బీఎండబ్ల్యూలో ‘ఎం’ అనీ, మెర్సిడెస్‌లో ‘ఏఎంజీ’ అనీ, ఆడీలో ‘ఆర్‌ఎస్’ అనీ గుర్తులు తగిలించుకొని వచ్చే జర్మన్ వేగపు కార్లలో ఒకదాన్ని కొనదలచినవాడు, షోరూము మెట్లు ఎక్కకముందే, ఆ కారు రాత్రికి చేరవలసిన ఇంటి దారిని ఒకసారి స్కూటరు మీద పోయి చూసుకోవడం మంచిది. ఏఎంజీ 1967లో ఇద్దరు ఇంజనీర్లు పందెపు ఇంజన్ల కోసం పెట్టుకున్న చిన్న వర్క్‌షాపు. బీఎండబ్ల్యూ పందేల విభాగం 1972లో ఏర్పడింది. ఆడీ ‘ఆర్‌ఎస్’ వరుసలో మొదటి కారు 1994లో పోర్షే సాయంతో తయారైంది. ఈ మూడూ పందేల మైదానంలో పుట్టి, న్యూర్‌బర్గ్‌రింగ్ అనే ఇరవై కిలోమీటర్లకు పైబడిన కొండదారి ట్రాకు మీద సానపట్టబడి, చాలా భాగాలలో వేగపరిమితి లేని ఆటోబాన్ల మీద, అంటే జర్మనీ జాతీయ రహదారుల మీద, పరుగెత్తడానికి ఉద్దేశించిన యంత్రాలు. ఆ కారు చేరవలసిన మన రావికమతం ఉన్నదేమో భీమునిపట్నం నుంచి నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు మీద. చోడవరం, వడ్డాది దాటి వచ్చే ఆ దారిలో చెరకు లోడుతో ఒక పక్కకు ఒరిగిన ట్రాక్టరు వెనుక రెండో గేరులో నడిచే ప్రయాణమే ఎక్కువ.

ఇటువంటి కార్లు కొనేవారు బూడిద రంగునే ఎందుకు కోరుకుంటారన్నది పైకి చిన్న విషయంగా కనిపించినా, దానికొక చరిత్ర ఉంది. పూర్వం కార్ల పందేలలో దేశానికొక రంగు ఉండేది. ఇటలీకి ఎరుపు, బ్రిటన్‌కు ఆకుపచ్చ, జర్మనీకి తెలుపు. 1934లో పందెపు కారు బరువు 750 కిలోలు మించరాదన్న నియమం వచ్చినప్పుడు, మెర్సిడెస్ కారు ఒక కిలో ఎక్కువ తూగిందనీ, రాత్రికి రాత్రి దాని తెల్లరంగు గీకివేయగా లోపలి అల్యూమినియం బయటపడి వెండి రంగే జర్మనీ గుర్తుగా నిలిచిపోయిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులు దీన్ని పూర్తిగా నమ్మరు గాని, ‘సిల్వర్ ఆరోస్’, అంటే వెండి బాణాలు, అనే పేరు మాత్రం ఆ కార్లను వదలలేదు. నేటి బూడిద రంగులు ఆ వెండికి మనుమలవంటివి. ఆడీ ‘నార్డో గ్రే’ పేరు ఇటలీ దక్షిణాన నార్డో అనే ఊరి దగ్గరున్న గుండ్రని పరీక్షా ట్రాకును గుర్తుచేస్తుంది. ఇది మెరుపు పొడి కలవని చదును రంగు, తడి సిమెంటులా ఉంటుంది. మెర్సిడెస్ ‘మాగ్నో’ పేరుతో ఇచ్చేది మెరుపే లేని మ్యాట్ పూత. దాన్ని పాలిష్ పట్టి గీతలు పోగొట్టడం కుదరదు కనుక, చింతచెట్టు కింద కారు నిలిపే అలవాటున్న ఊళ్ళో అది వద్దనుకోవడమే తెలివి.

ఆ రంగులో ఒక వినయం ఉందని, ఆర్భాటం లేకుండా బలాన్ని దాచుకుంటుందని కొనేవారు చెప్పుకుంటారు. అరకోటి పైబడిన వస్తువు విషయంలో వినయం అనే మాట వాడవచ్చునా అన్నది వేరే సంగతి. అయితే దాగి ఉండటమనే ఆ గుణమే రోడ్డు మీద దోషంగా మారుతుంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు ప్రమాదాల లెక్కలు పరిశీలించి, పగటివేళ తెల్ల కార్లతో పోలిస్తే నలుపు, బూడిద, వెండి రంగు కార్లకు ప్రమాదాల బెడద ఎక్కువని తేల్చారు. తారురోడ్డు రంగూ మబ్బు రంగూ కారు రంగూ ఒకటే అయినప్పుడు ఎదుటివాడి కన్ను దాన్ని ఆలస్యంగా పట్టుకుంటుంది. నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాటు ఎక్కే డిసెంబరు తెల్లవారుజాముల్లో, మంచులో బూడిద రంగు కారు అంటే లేనట్టే లెక్క. పగలైనా సరే, వానలోనూ మంచులోనూ హెడ్‌లైట్లను డిప్‌లో వెలిగించి నడపడం ఈ రంగు కారు కొన్నవాడికి మొదటి నియమం కావాలి. హై బీమ్ వేస్తే మంచు తెరలా తెల్లబడి, ఉన్న చూపు కూడా పోతుంది.

ఇక దారి సంగతి. వేగపు కార్ల టైరు పక్కన 255/35 ఆర్19 వంటి అంకెలుంటాయి. ఇందులో 255 అన్నది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 35 అన్నది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, 19 అన్నది అంగుళాలలో చక్రం వ్యాసం. లెక్క కడితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉన్న రబ్బరు గోడ ఎత్తు 89 మిల్లీమీటర్లు, అంటే ఒక మనిషి అరచేతి వెడల్పు. మామూలు చిన్న కారుకు వాడే 165/80 ఆర్14 టైరులో అదే గోడ 132 మిల్లీమీటర్లు. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ గోడే కనుక, అది తక్కువైన మేరకు దెబ్బ రిమ్ముకు చేరుతుంది. అల్లాయ్ రిమ్ము వంగుతుంది లేదా సన్నగా పగులుతుంది, టైరు గోడలోని దారాలు తెగి కోడిగుడ్డంత ఉబ్బు లేస్తుంది. ఆ ఉబ్బు లేచిన టైరుకు ప్యాచీ వేయడం ఉండదు, మార్చడమే. వానాకాలంలో నీళ్ళు నిండిన గుంత లోతెంతో తెలియదు. ముందుపోయే ఆటో ఎక్కడ మెలిక తిరిగిందో చూసుకొని అక్కడే తిరగడం ఈ ప్రాంతపు డ్రైవర్లకు తెలిసిన విద్య, అది ఏ జర్మన్ పుస్తకంలోనూ దొరకదు.

ఇందులో మరొక చిక్కు ఉంది. ఈ కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. దాని బదులు కొన్నిటికి రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పూర్తిగా పోయినా గట్టి గోడల మీద గంటకు 80 కిలోమీటర్లు మించకుండా సుమారు 80 కిలోమీటర్ల దాకా నడిచే టైర్లు, ఇస్తారు. రావికమతం నుంచి విశాఖపట్నం చేరడానికి ఆ దూరం దాదాపు సరిపోతుంది గాని, కోత పడ్డ గోడ అంత దూరం ఓర్చుకుంటుందన్న హామీ లేదు. దగ్గరలోని కొత్తకోటలో పంచరు షాపువాడి దగ్గర ఈ టైరును రిమ్ము నుంచి ఊడదీసే యంత్రం ఉంటుందనుకోవడం కూడా అత్యాశే. అదే మోడలులో ఒక అంగుళం చిన్న చక్రం అమర్చుకోవడానికి కంపెనీ అనుమతి ఉంటే, దాన్ని ఎంచుకొని గోడ ఎత్తు పెంచుకున్నవాడు షోకు కొంచెం తగ్గించుకొని నిద్ర చాలా పెంచుకున్నవాడవుతాడు.

స్పీడు బ్రేకరుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్ణయించిన కొలత ఉంది. ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంత వెడల్పున్న దిబ్బను ఏ కారైనా పల్లకీలా దాటుతుంది. ఊరివారు ప్రమాదం జరిగిన మర్నాడు కోపంతో పోసుకున్న సిమెంటు గట్టుకు ఆ కొలతలు పట్టవు. నేలకు పన్నెండు పదమూడు సెంటీమీటర్ల ఎత్తులో ఒళ్ళు వాల్చుకొని పోయే కారు దాని మీద పొట్ట గీరుకుంటుంది. ఐమూలగా, ఒక చక్రం తరువాత ఒక చక్రం ఎక్కించడం కొంత మేలు. గెడ్డలు పొంగిన రోజున కాజ్‌వే మీద నీళ్ళలోకి దిగడం మాత్రం ఎటువంటి నేర్పుతోనూ చేయదగిన పని కాదు. ఇంజన్ గాలి పీల్చే గొట్టంలోకి నీరు చేరితే, నీరు నొక్కుకుపోయే పదార్థం కాదు కనుక పిస్టను కడ్డీలు వంగి ఇంజన్ చచ్చిపోతుంది. మామూలు బీమా దీన్ని భరించదు, ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు బీమాను విడిగా కొనుక్కోవాలి.

పెట్రోలు విషయంలో చెరకు రైతుల ఇంటి పిల్లవాడికి చెప్పవలసింది ఒకటుంది. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగ వేగంతోనే ఒక చక్రాన్ని తిప్పి, దానితో గాలిని కుక్కి సిలిండర్లలోకి పంపే ఏర్పాటు; అంత ఒత్తిడిలో పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోకుండా తట్టుకునే శక్తిని ఆక్టేన్ సంఖ్య చెబుతుంది. ఈ కార్లు కనీసం 95, వీలైతే అంతకు పైన కోరుతాయి. ‘ఎక్స్‌పీ 100’, ‘పవర్ 99’ వంటివి నగరాల్లో కొన్ని బంకులలోనే దొరుకుతాయి గనుక ట్యాంకు విశాఖలో నింపుకొని రావడం అలవాటు చేసుకోవాలి. ఇప్పుడు దేశమంతటా పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. అది చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నుంచి తీసిన స్పిరిట్టు. లీటరుకు లీటరు చూస్తే దానిలోని శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, పైగా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తాతలు పండించిన పంటే మనవడి మైలేజీని కొంచెం కోస్తుందన్నమాట. పెట్రోలు మూత లోపలి చీటీ మీద ఏ మిశ్రమానికి అనుమతి ఉందో చదివి, 2023కు ముందు తయారైన కారైతే కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచే కారులో ఈ పెట్రోలును అలాగే నిలవ ఉంచరాదు.

వెల విషయంలో పాత కారు ఆశ చూపుతుంది. బీమా లెక్కల్లోనే కారు వెలను మూడో ఏడు నిండేసరికి ముప్పై శాతం, అయిదో ఏడు నిండేసరికి సగం తగ్గించి చూస్తారు. జర్మన్ వేగపు కార్లకు బజారు ధర అంతకంటే జోరుగా పడుతుంది. కానీ వెల సగమైనంత మాత్రాన బ్రేకు డిస్కుల వెల సగం కాదు; కోటి రూపాయల కారును నలభై లక్షలకు కొన్నవాడు కోటి రూపాయల కారునే సర్వీసు చేయించాలి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిలు కార్లనూ పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్లనూ తిరగనివ్వరాదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించడంతో, గడువు దగ్గరపడిన కార్లు అక్కడినుంచి దక్షిణానికి చవగ్గా వస్తుండేవి. పుదుచ్చేరి నంబరు పలకతో తిరిగేవి పన్ను తప్పించుకోవడానికి అక్కడ రిజిస్టరైనవి కావచ్చు; మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రంలో ఉంచే వాహనానికి అక్కడి రిజిస్ట్రేషను తప్పదు. ఆంధ్రప్రదేశ్ జీవితకాల పన్ను వాహనం వెలను బట్టి పెరుగుతుంది గనుక, అది కలుపుకొని చూస్తే చవక అన్నది చాలావరకు ఆవిరైపోతుంది. తెల్ల కారు కొని బూడిద రంగు వేయించుకుంటాననడమూ తేలిక కాదు. రంగు ఆర్‌సీలో నమోదై ఉంటుంది, మార్చితే రవాణా శాఖ దగ్గర రాయించాలి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఎదుటివాడు ఎవరో తేల్చుకోవాలనడానికి విశాఖ జిల్లాకే ఒక చేదు ఉదాహరణ ఉంది. 2005లో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ విశాఖకు వస్తున్నదని రాష్ట్రమంతా మురిసిపోతున్న వేళ, ఆ కంపెనీ తరఫున వచ్చామన్న ఒక సంస్థకు రాష్ట్ర ప్రభుత్వం పదకొండు కోట్ల రూపాయలకు పైగా చెల్లించింది. తరువాత ఆ సంస్థతో తమకు సంబంధం లేదని జర్మన్ కంపెనీ తేల్చిచెప్పడం, వ్యవహారం సీబీఐ దాకా పోవడం, ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకణ్‌లో వెలవడం జరిగాయి. ఐఏఎస్ అధికారులున్న ప్రభుత్వానికే అలా జరిగినప్పుడు, ఫోనులో ఫొటోలు పంపే దళారి సంగతి చెప్పనవసరం లేదు. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీసు చరిత్ర తెప్పించి, మీటరులోని కిలోమీటర్లను దానితో సరిచూసి, అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చాకనే డబ్బు కదలాలి.

నడపడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నాలుగు వరుసల విభజిత రహదారి మీద కారుకు చట్టం అనుమతించే గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, బీఎన్ రోడ్డు వంటి దారిలో 70. అనకాపల్లి నుంచి ఆనందపురం దాకా పడిన ఆరు వరుసల రోడ్డు ఎంత నున్నగా ఉన్నా, వంద వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది; కన్ను చూసి కాలు బ్రేకు మీద పడేలోపే ఒక కొబ్బరిచెట్టు పొడవును మించి దాటిపోతుంది. వెనుక లైటు లేని చెరకు బండి డిప్ వెలుగులోకి వచ్చేది అంతకు రెట్టింపు దూరంలోనే. ఇంజన్ ఆయిలు వేడెక్కేదాకా, కనీసం పది నిమిషాలు, కాలు బరువు వేయరాదు.

చివరగా కారును కడగడం. రావికమతం చుట్టుపక్కల బెల్లం వండే కాలంలో, పెనాల కింద మండే చెరకు పిప్పి బూడిద గాలికి లేచి పెరట్లో ఆరేసిన బట్టల మీద, కారు మీద సన్నగా రాలుతుంది. ఆ బూడిదలో ఇసుకలోని సిలికాయే అధికం. బూడిద రంగు కారు మీద అది కంటికి ఆనదు, వేలితో తాకితే గరుకు తెలుస్తుంది. కనబడలేదు కదా అని పొడిగుడ్డతో తుడిస్తే పైపూత మీద సాలెగూడులాంటి గీతలు పడి, ఎండలో తిప్పి చూసినప్పుడు బయటపడతాయి. ముందుగా పైపుతో నీళ్ళు ధారగా వదిలి బూడిదంతా జారిపోయాక, సబ్బునీళ్ళు, ఆ తరువాతనే గుడ్డ. ఇంటి బోరు నీళ్ళలో ఉప్పు పాలు ఎక్కువ కనుక ఆరనివ్వకుండా తుడవాలి. కారు పాత గోనెసంచుల పక్కన నిలవకుండా, గోడకు అవతల సపోటా చెట్టుకు ఇవతల ఉన్న రేకుల షెడ్డును సంక్రాంతిలోగా ఖాళీ చేయించి ఉంచుతాను.

ఆశీస్సులతో,
మేనమామ