సంద్రంలో పడిన కంటైనర్ల లెక్క

ప్రశ్న: ఓడ నుంచి కంటైనర్లు పడిపోతే కబురు చేసి తీరాలనే కొత్త నిబంధన వచ్చిందట. పడ్డాక చెబితే ఏం లాభం?

జవాబు: సముద్ర భద్రత ఒప్పందం ‘సోలాస్’కు చేసిన ఈ సవరణ 2026 జనవరి 1న అమల్లోకి వచ్చింది. కంటైనర్లు పోగొట్టుకున్న ఓడ కెప్టెన్ ఆ సంగతిని చుట్టుపక్కల ఓడలకు, దగ్గరి తీర దేశానికి, ఓడ రిజిస్టరైన దేశానికి వెంటనే తెలపాలి. తేలుతున్నవి కంటపడినా చెప్పాలి. ప్రమాదకర సరుకు పోతే చెప్పాలన్న నియమం పాతదే. మామూలు సరుకు విషయంలోనే ఇన్నాళ్లూ పట్టింపు లేదు. కానీ ‘మామూలు’ అంటే ఏమిటి? 2025 మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ మునిగినప్పుడు అందులో 640 కంటైనర్లున్నాయి. పన్నెండింటిలో కాల్షియం కార్బైడ్, అదే, మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడొద్దని నిషేధించిన సరుకు. నీళ్లు తగిలితే మండే వాయువు పుడుతుంది కనుక అందరి కళ్లూ దానిమీదే. తీరా కేరళ ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కలిసిపోయినవి సగ్గుబియ్యమంత ప్లాస్టిక్ గుళికలు. ఏరడం ఎవరితరం?

కబురు చేస్తే కంటైనర్ పడకుండా ఆగదన్నది నిజమే. కంటైనర్లను సరిగ్గా బిగించడం, బరువు సరిగ్గా చెప్పడం వేరే పని. పరిహారం భయంతో కొందరు దాచనూవచ్చు. అయినా నీటిమట్టానికి తేలే ఇనుప పెట్టె రాత్రిపూట వేట పడవకు కనిపించదు. ముందస్తు హెచ్చరికే దిక్కు. మీ తీరానికి అలాంటిది కొట్టుకొస్తే ముట్టుకోకండి, కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయండి.